సమాచారపెట్టెలో ఇరుక్కున్న రామాయణం

'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 2025 జనవరి 24న మన దేశంలో థియేటర్లకు వచ్చింది. తొంభైల్లో, ఆ తర్వాత పుట్టిన పిల్లలు టీవీలో హిందీ మాటలతో చూసి పెరిగిన బొమ్మల సినిమా ఇది. ఈసారి తెలుగులోనూ వచ్చింది. సినిమా చూసి ఇల్లు చేరినవాళ్లలో చాలామంది ఫోనులో దాని వికీపీడియా పేజీ తెరిచే ఉంటారు. ఆ పేజీలో ఒక పక్కన పెట్టె ఉంటుంది. వికీ రచయితలు దాన్ని సమాచారపెట్టె అంటారు. దర్శకుడెవరు, ఏ సంవత్సరం, ఏ దేశం, ఏ భాష అని అందులో గళ్లుంటాయి. ఒక్కో గడి ఒక్క మాటలో జవాబు అడుగుతుంది. ఈ సినిమాకు ఆ నాలుగు గళ్లలో ఏ ఒక్కటీ ఒక్క మాటతో నిండదు.

దర్శకుడి సంగతే చూడండి. యుగో సాకో జపాన్‌కు చెందిన డాక్యుమెంటరీ దర్శకుడు. రామాయణంతో ముడిపడిన స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ జరిపిన తవ్వకాల మీద 1983లో చిత్రం తీస్తూ ఆయన ఆ కథలో పడిపోయారు. దేవుడైన రాముణ్ని మనిషి నటించి చూపడం కంటే బొమ్మ గీసి చూపడమే మేలని నమ్మారు. రామాయణం మా జాతి సంపద, పరాయివాళ్లు ఇష్టం వచ్చినట్టు తెరకెక్కించడానికి వీల్లేదంటూ విశ్వహిందూ పరిషత్ ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయానికి నిరసన లేఖ రాసింది. ఆ అభ్యంతరం తొలగినా, అయోధ్య వివాదం రగులుతున్న రోజులు కావడంతో మన ప్రభుత్వం కలిసి నిర్మించడానికి వెనకాడింది. పని చాలావరకు జపాన్‌లో జరిగింది. ఇటువైపు నుంచి రామ్ మోహన్ వెళ్లారు. 1956లో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరి, ఈ దేశంలో యానిమేషన్‌కు పునాది వేసినవారిలో ఒకరైన మనిషి ఆయన. జపాన్ వైపు కొయిచి ససాకి. దర్శకులుగా ముగ్గురి పేర్లూ పడ్డాయి. సాకో పేరొక్కటే రాస్తే భారతీయ చిత్రకారుల చెయ్యి మాయమవుతుంది. ముగ్గురినీ సమానంగా పేర్చితే, పదేళ్లపాటు దీన్ని మోసినది ఎవరన్నది మాయమవుతుంది.

సంవత్సరం గడిలో కొందరు 1992 అంటారు, కొందరు 1993 అంటారు. సినిమా పూర్తయినదాన్ని లెక్కలోకి తీసుకోవాలా, 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించినదాన్ని తీసుకోవాలా అన్నది తగాదా. భాష గడిలో ఇంగ్లీషు అని పెడితే, అరుణ్ గోవిల్ రాముడి గొంతుతో, అమ్రీష్ పురి రావణుడి గొంతుతో, శత్రుఘ్న సిన్హా వ్యాఖ్యానంతో చూసినవాళ్లు ఊరుకోరు. హిందీ అని పెడితే అది డబ్బింగ్ అని ఇంకొకరు తీసేస్తారు. పాటలు సంస్కృతంలో ఉన్నాయి కదా అని మూడో మనిషి వస్తాడు. ఈ ముగ్గురిలో అబద్ధం చెబుతున్నవాళ్లు ఎవరూ లేరు.

ముఖపరిచయం లేని మనుషులు ఒకే పేజీని కలిసి రాస్తే అది నమ్మదగినదవుతుందా, అయితే ఎప్పుడవుతుంది అన్న ప్రశ్న వికీపీడియా మొదలైన 2001 జనవరి 15 నుంచీ ఉంది. దాన్ని యానిమేషన్ సినిమాల వైపు నుంచి చూడటానికి నాకో కారణం ఉంది. ఫిజిక్సు పేజీకి నిపుణులు వస్తారు, రాజకీయ నాయకుడి పేజీకి అనుచరులు, ప్రత్యర్థులు వస్తారు. బొమ్మల సినిమా పేజీకి పదేళ్ల పిల్లలు, జీవితకాల అభిమానులు, నిర్మాణ సంస్థల ప్రచారకర్తలు, ఆ సినిమాలో ఫ్రేములు గీసిన కుర్రాళ్లు అందరూ ఒకేసారి వస్తారు. ఉమ్మడి రచన బలం, బలహీనత రెండూ ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించవు.

పని జరిగే పద్ధతి తెలియకపోతే ఈ చర్చ గాల్లో ఉంటుంది. వికీపీడియాలో రాతకు మూడు మూల నియమాలున్నాయి: తటస్థ దృక్కోణం, నిర్ధారత్వం, మౌలిక పరిశోధన నిషిద్ధం. అంటే ఎవరి పక్షమూ వహించకూడదు, రాసిన ప్రతి మాటకూ నమ్మదగిన ప్రచురిత ఆధారం ఉండాలి, సొంత సిద్ధాంతాలు చేర్చకూడదు. ప్రతి పేజీకీ ఒక చర్చ పేజీ, ఒక మార్పుల చరిత్ర ఉంటాయి. ఎవరు ఏ నిమిషాన ఏ కామా మార్చారో ఆ చరిత్రలో శాశ్వతంగా ఉంటుంది. ఒకరి మార్పును ఇంకొకరు రద్దు చేయవచ్చు. కానీ ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీ మీద 24 గంటల్లో మూడుకు మించి తిరుగుసేతలు చేస్తే నిర్వాహకులు ఆ వాడుకరిని నిరోధిస్తారు. మిగిలిందంతా మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

సినిమా పేజీలకు మరికొన్ని కట్టుబాట్లున్నాయి. ఇంగ్లీషు వికీపీడియాలో కథాసంగ్రహం 400 నుంచి 700 పదాల మధ్య ఉండాలంటారు. దానికి వేరే ఆధారం అక్కర్లేదు, సినిమాయే ఆధారం. ముగింపు బయటపెట్టకూడదన్న నియమం లేదు. విజ్ఞాన సర్వస్వం కథ చివరిదాకా చెప్పాలి. అయితే తెర మీద కనిపించినది మాత్రమే అక్కడ రాయాలి. హనుమంతుడు లంకను కాల్చాడని రాయవచ్చు. ఆ మంటల రంగులు ఫలానా భావానికి ప్రతీక అని రాయాలంటే ఒక విమర్శకుడు ఆ మాట ముందే ఎక్కడో ప్రచురించి ఉండాలి. కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టంగా తోచే నియమం ఇదే. తాము కళ్లారా చూసి, మనసారా అర్థం చేసుకున్నది ఎందుకు రాయకూడదని వాళ్లు అడుగుతారు. ఆ ఆవేదన న్యాయమైనదే. కానీ ఆ గేటు తెరిస్తే ప్రతి పేజీ వెయ్యి సమీక్షల కుప్ప అవుతుంది. అందుకే నేను నియమం పక్షమే.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటుంది. ఇంకా విడుదల కాని సినిమాకు ప్రత్యేక పేజీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చు అన్నదానికి సంబంధించింది. మామూలు సినిమాకైతే చిత్రీకరణ మొదలైనట్టు నమ్మదగిన వార్త రావాలి. యానిమేషన్‌లో కెమెరా తిరిగే మొదటి రోజంటూ ఉండదు. కొబ్బరికాయ కొట్టిన ఫొటో ఉన్నా దానికి అర్థం లేదు. కాబట్టి తుది ఫ్రేములు గీయడమో రెండర్ చేయడమో నిజంగా జరుగుతోందని, లేదా తుది గొంతులు, సంగీతం రికార్డవుతున్నాయని ఆధారం ఉండాలన్నారు. బొమ్మల సినిమా ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లు కూర్చుని వాదించుకుంటే తప్ప ఇలాంటి వాక్యం పుట్టదు. ప్రకటించి ఏళ్లు గడిచినా ఒక్క ఫ్రేమూ గీయని 'భారీ యానిమేషన్ చిత్రాల' సంగతి మనకు తెలుసు కనుక, దీని విలువ మనకు ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఇక పరిశోధకులు ఏమన్నారు? అందరూ చెప్పే మొదటి అధ్యయనం 2005లో 'నేచర్' పత్రిక జరిపింది. 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణులు పోల్చి చూస్తే, వికీపీడియాలో ఒక్కో వ్యాసానికి సగటున నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు దొరికాయి. బ్రిటానికా ఈ లెక్కను తీవ్రంగా ఖండించింది. వికీపీడియాను సమర్థించేవాళ్లు ఇప్పటికీ దీన్నే చూపిస్తారు. నా దృష్టిలో సినిమా పేజీలకు ఇది పనికొచ్చే సాక్ష్యం కాదు. సైన్సులో తప్పును తప్పని చెప్పగల నిపుణుడు ఉన్నాడు. ఒక సినిమా ఏ దేశానిదో తేల్చడానికి అలాంటి న్యాయమూర్తి లేడు.

అంతకు ఒక ఏడాది ముందు ఫెర్నాండా వియెగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్, కుశల్ దవే పేజీల మార్పుల చరిత్రను రంగుల పటాలుగా గీసి చూశారు. పేజీ మొత్తాన్ని చెరిపేసే దుశ్చర్యలు కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటున్నాయని తేలింది. మరో సంగతి కూడా బయటపడింది. మొదట రాసినవాళ్ల మాటలు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. తర్వాత వచ్చినవాళ్లు చివర్లు దిద్దుతారు గానీ మొదటి కూర్పును కదిలించరు. సినిమా పేజీల్లో ఈ రెండో సంగతికి చాలా బరువుంది. విడుదలకు ముందు ప్రచార ప్రకటనల ఆధారంగా ఎవరో కట్టిన చట్రంలోనే పదేళ్ల తర్వాత కూడా ఆ వ్యాసం ఉండిపోతుంది.

చెరిపివేతల కంటే ప్రమాదకరమైనవి చిన్న అబద్ధాలు. బొమ్మల సినిమాల పేజీలకు ఈ పీడ మరీ ఎక్కువ. విడుదల తేదీని ఒక్క రోజు జరపడం, నిడివిని రెండు నిమిషాలు పెంచడం, గొంతునిచ్చిన వాళ్ల జాబితాలో లేని పేరు చొప్పించడం. ఇవి యంత్రాలకు దొరకవు, చూసేవాళ్లకు అనుమానం రాదు. ఈలోగా ఏ వార్తా సంస్థో ఆ అంకెను ఎత్తుకుని ప్రచురిస్తుంది. తర్వాత అదే వార్తను ఆధారంగా చూపి అబద్ధాన్ని పేజీలో స్థిరపరుస్తారు. ఈ వలయాన్ని తెంచగలిగినది మార్పులను కనిపెట్టి చూసే వీక్షణ జాబితాలో ఆ పేజీని పెట్టుకుని, పాత కాగితం తీసి సరిచూసే ఓపిక ఉన్న ఒక మనిషి.

ఎంతమంది రాస్తే అంత మంచిదన్న నమ్మకాన్ని 2008లో అనికేత్ కిట్టూర్, రాబర్ట్ క్రౌట్ పరీక్షించారు. చేతులు పెరిగినంత మాత్రాన నాణ్యత పెరగదని వాళ్లు చూపారు. ఎక్కువ భారం కొద్దిమంది మీద ఉండి, మిగతావాళ్లు వాళ్ల చుట్టూ పనిచేసినప్పుడే జనసంఖ్య లాభిస్తుంది. ముఖ్యంగా పేజీ తొలిదశలో. వికీపీడియా అంటే గుంపు తెలివి అని వర్ణించేవాళ్లు ఈ అధ్యయనాన్ని చదవాలి. బాగున్న ఏ సినిమా పేజీ చరిత్ర తిరగేసినా, వందల పేర్ల మధ్య నెలల తరబడి ఇంటర్వ్యూలు వెతికి, పుస్తకాలు తెరిచి, పేరాలు కట్టిన ముగ్గురు నలుగురు కనిపిస్తారు. మిగిలిన వందలమంది అనవసరమని కాదు. అక్షరదోషం దిద్దినవాళ్లు, తప్పు తేదీ పట్టుకున్నవాళ్లు లేకపోతే ఆ నలుగురి పని చెడిపోయేది.

నేరుగా సినిమా పేజీల మీదే జరిగిన అధ్యయనం ఒకటుంది. మార్టన్ మెస్ట్యాన్, తాహా యాసేరి, యానోష్ కెర్టేస్ 2010లో విడుదలైన 312 సినిమాల వికీపీడియా పేజీలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎంతమంది పేజీ చూశారు, ఎంతమంది ఎన్ని మార్పులు చేశారు అన్న లెక్కలతో, విడుదలకు నెల ముందే తొలి వారాంతపు వసూళ్లను అంచనా వేయవచ్చని చూపారు. పెద్ద విజయాల విషయంలో అంచనా బాగా కుదిరింది. ఈ ఫలితాన్ని సాధారణంగా మార్కెటింగ్ కోణంలో మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక హెచ్చరిక వినిపిస్తుంది. ఎవరూ సినిమా చూడకముందే, దాని గురించి తెలిసింది ప్రచారమే అయిన సమయంలోనే, పేజీ మీద చేతులు ఎక్కువగా ఆడుతున్నాయి. డబ్బింగ్, నిర్మాణ పద్ధతి, విమర్శ లాంటి విషయాల మీద నిదానంగా రాయాల్సిన కాలానికి ఆ చేతులు వేరే పేజీకి వెళ్లిపోతాయి.

యానిమేషన్ అంటే ఏమిటన్న దగ్గరే తెగని వివాదం ఒకటి జరిగింది. జాన్ ఫావ్రో తీసిన 'ది లయన్ కింగ్' 2019లో వచ్చింది. డిస్నీ దాన్ని తన పాత బొమ్మల సినిమాలను లైవ్ యాక్షన్‌లో మళ్లీ తీస్తున్న వరసలో చేర్చింది. కానీ సినిమాలో ఒక్క సింహమూ నిజం కాదు. మొదట్లో వచ్చే సూర్యోదయం షాట్ ఒక్కటే కెమెరాతో తీసిందని, మిగిలిందంతా కంప్యూటర్‌లో పుట్టిందని ఫావ్రోయే చెప్పారు. గోల్డెన్ గ్లోబ్ వాళ్లు యానిమేషన్ విభాగంలో నామినేట్ చేశారు. ఆస్కార్‌లో అది విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో నిలిచింది. ఇక పేజీ మొదటి వాక్యంలో ఏమని రాయాలి?

ఇది మాటల పట్టింపు కాదు, లెక్కల మీద పడింది. ఆ సినిమా సుమారు 166 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అదే ఏడాది వచ్చిన 'ఫ్రోజెన్ 2' సుమారు 145 కోట్లు. మొదటిది యానిమేషన్ అయితే అప్పటికి అత్యధిక వసూళ్ల యానిమేషన్ సినిమా అదే. కాకపోతే ఆ కిరీటం 'ఫ్రోజెన్' నాయిక ఎల్సాది. రెండు పేజీల్లోనూ అభిమానులు వాదించారు. పత్రికలూ రెండు రకాలుగా రాశాయి. ఇలాంటప్పుడు నియమం చెప్పేది ఒకటే: తీర్పు ఇవ్వకు, ఎవరు దేన్ని ఏమన్నారో చెప్పు. లయన్ కింగ్‌ను లెక్కలో చేరిస్తే ఇంత, వదిలేస్తే ఇంత అని రాయడం సాధ్యమే. చూడటానికి నాన్చుడులా ఉండే ఆ వాక్యమే అక్కడ నిజమైన వాక్యం. 2024లో 'ఇన్‌సైడ్ అవుట్ 2' రెండింటినీ దాటేసింది, 2025లో చైనా చిత్రం 'నే జా 2' 200 కోట్ల డాలర్లు దాటి మొత్తం పట్టికనే మార్చేసింది. వాదన ఏకాభిప్రాయంతో ముగియలేదు. దాని అవసరమే తీరిపోయింది.

మన దక్షిణాదిలోనూ ఇదే చిక్కు అంతకు ఐదేళ్ల ముందే వచ్చింది. సౌందర్య రజనీకాంత్ దర్శకత్వంలో 2014 మే 23న విడుదలైన 'కొచ్చడయాన్' తెలుగులో 'విక్రమసింహ'గా వచ్చింది. రజనీకాంత్ ఒంటి కదలికలను మోషన్ క్యాప్చర్‌తో పట్టి కంప్యూటర్ బొమ్మకు తొడిగారు. అది రజనీ నటించిన సినిమానా, రజనీ బొమ్మ ఉన్న సినిమానా? నటుడి సినిమాల జాబితాలో దాన్ని మామూలు వరసలో వేయాలా, గమనిక పెట్టాలా? కొత్త సాంకేతిక పద్ధతి వచ్చినప్పుడల్లా పాత గళ్లు చాలవు.

దేశం, సంవత్సరాల తగాదాకంటే లోతైనది ఏ రూపం గురించి రాస్తున్నామన్నది. రిచర్డ్ విలియమ్స్ 1964లో మొదలుపెట్టిన 'ది థీఫ్ అండ్ ది కాబ్లర్' దాదాపు మూడు దశాబ్దాలు సాగింది. 1992లో సినిమా ఆయన చేతుల్లోంచి పోయింది. ఫ్రెడ్ కాల్వర్ట్ పూర్తి చేయగా 1993లో ఒక పేరుతో, మిరామాక్స్ మరింత కత్తిరించాక 1995లో అమెరికాలో ఇంకో పేరుతో విడుదలైంది. విలియమ్స్ అనుకున్న రూపానికి దగ్గరగా తేవాలని అభిమానులు దొరికిన ముక్కలన్నీ చేర్చి కొత్త కూర్పు చేశారు. కథాసంగ్రహం ఏ కూర్పు చూసి రాయాలి? మిరామాక్స్ కూర్పులో మూగ దొంగకు మాటలు పెట్టారు. దర్శకుడి ఊహలో అతడు మాట్లాడడు. సినిమాయే ఆధారం అన్న నియమం ఇక్కడ కుప్పకూలుతుంది. తేడాలను తేడాలుగా చెప్పే ప్రత్యేక విభాగం రాయడమే దారి. సాకో రామాయణానికీ ఇది వర్తిస్తుంది. 2025 విడుదల కోసం డబ్బింగ్ మాటలను కొత్తగా సిద్ధం చేశారు. ఆ పనిని మన వి. విజయేంద్రప్రసాద్ పర్యవేక్షించారు. 1993 కూర్పు చూసినవాళ్లూ, 2025 తెలుగు కూర్పు చూసినవాళ్లూ ఒకే బొమ్మలు చూసి వేరు వేరు మాటలు విన్నారు.

వసూళ్ల విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో క్లీమ్ ప్రొడక్షన్స్ తీసి హోంబలే ఫిల్మ్స్ సమర్పించిన 'మహావతార్ నరసింహ' 2025 జూలై 25న విడుదలైంది. తెలుగు రాష్ట్రాల్లో హాళ్లు నిండాయి. చెప్పులు విప్పి చూసినవాళ్లు ఉన్నారు. భారతీయ యానిమేషన్ చరిత్రలో అంత పెద్ద విజయం లేదు. నిర్మాతల ప్రకటనల ప్రకారం వసూళ్లు 300 కోట్ల రూపాయలు దాటాయి. పెట్టుబడి గురించి పత్రికల్లో వచ్చిన అంకెల మధ్య మాత్రం రెట్టింపుకు మించిన తేడా ఉంది. మన దేశంలో వసూళ్లను తనిఖీ చేసి ప్రకటించే అధికారిక సంస్థ లేదు. ఉన్నవి పోస్టర్లు, ట్రేడ్ విశ్లేషకుల అంచనాలు. అయినా సమాచారపెట్టెలో బడ్జెట్ గడి, వసూళ్ల గడి ఖాళీగా ఉంటే అభిమానులు తట్టుకోలేరు. పది కోట్లు పెంచేవాడు ఒకడు, తగ్గించేవాడు ఒకడు. పేజీ చరిత్రలో కొన్ని రోజులు ఆ రెండు గళ్లు తప్ప ఇంకేమీ మారని సినిమాలు ఎన్నో ఉన్నాయి. శ్రేణిగా ఇవ్వడం, ఎవరి అంచనాయో పేరుతో చెప్పడం, రెండూ కుదరకపోతే గడి తీసేయడం న్యాయం. ఆ సినిమా బొమ్మలు ఎవరు గీశారు, ఎన్నేళ్లు పట్టింది, ప్రహ్లాదుడి ముఖాన్ని ఎలా రూపొందించారు అన్న విషయాలకు మిగలాల్సిన శ్రద్ధంతా అంకెలు మింగేస్తున్నాయి.

గీసినవాళ్ల మాట వచ్చింది కనుక అక్కడ కాసేపు ఆగాలి. యానిమేషన్ సినిమాకు పనిచేసే వందల చేతుల పేర్లు చివరి టైటిల్స్‌లో వేగంగా పైకి వెళ్లిపోతాయి. కొందరి పేర్లు అక్కడా ఉండవు. 2016లో వచ్చిన 'సాసేజ్ పార్టీ' విషయంలో, జీతం లేకుండా అదనపు గంటలు పనిచేయించారని, మధ్యలో మానేసినవాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేయలేదని యానిమేటర్లు పేరు చెప్పకుండా ఆరోపించారు. ఆ మాటలు అలాగే ఉంటే విజ్ఞాన సర్వస్వానికి పనికిరావు, ఎవరన్నారో తెలియదు కనుక. పత్రికలు విచారించి వార్తలు రాశాకే పేజీలో వాటికి చోటు దొరికింది. ఈ నియమం బలహీనులకు అన్యాయం చేస్తుందని కొందరంటారు. నిజమే, చెప్పుకునే వేదిక లేనివాడి నోరు ఇక్కడా మూగబోతుంది. కానీ దానికి మందు వికీపీడియా నియమం సడలించడంలో లేదు. ఆ నోటి మాటను ప్రచురించే పత్రిక ఉండాలి.

ఇక్కడే తెలుగు సంగతి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. సినిమా మన రచయితలకు ఇష్టమైన రంగం. పాత తెలుగు సినిమాల పాటలు, నటీనటులు, సాంకేతిక నిపుణుల వివరాలు ఇంత సేకరించి పెట్టిన చోటు మరొకటి లేదు. యానిమేషన్ వైపు చూస్తే మాత్రం మొలకలే ఎక్కువ. ఇంగ్లీషు పేజీని యంత్రంతో అనువదించి, మూడు పేరాలకు ఆపేసిన వ్యాసాలు. 2009 తర్వాత కొన్నాళ్లు గూగుల్ అనువాద పథకం కింద వచ్చిపడిన పేజీల అనుభవం మన సముదాయానికి ఉంది. వాక్యం తెలుగు కాదు, విషయం తెలుగువాడికి కావలసింది కాదు, దిద్దడానికి రాసినవాళ్లు మళ్లీ కనిపించరు. ఇప్పుడు యంత్రాలు నున్నగా రాస్తున్నాయి. తప్పు కూడా నున్నగానే వస్తోంది. ఎవరూ సరిచూడకుండా యంత్రం రాసిన పేజీలను వెంటనే తొలగించవచ్చని 2025లో ఇంగ్లీషు వికీపీడియా నియమం చేసుకుంది. మనకూ అలాంటి తెగింపు కావాలి.

ఇంగ్లీషు పేజీకి తెలుగు పేజీ నకలు కానక్కర్లేదు. 2019 'లయన్ కింగ్' తెలుగు కూర్పులో సింబాకు నాని, ముఫాసాకు జగపతిబాబు, స్కార్‌కు పి. రవిశంకర్ గొంతునిచ్చారు. పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ మాట్లాడారు. 2024లో 'ముఫాసా'కు మహేశ్‌బాబు గొంతు తోడైంది. ఇంగ్లీషు పేజీలో ఇతర భాషల గొంతులకు సాధారణంగా చోటుండదు, ఉండాల్సిన పనీ లేదు. మన పిల్లలకు మాత్రం పుంబా అంటే బ్రహ్మానందమే. తెలుగు వ్యాసంలో తారాగణం అక్కడి నుంచే మొదలవ్వాలి. మాటలు ఎవరు రాశారు, పాటలు ఎవరు అనువదించారు, ఆఫ్రికా అడవి జంతువుల హాస్యం మన యాసల్లోకి ఎలా దిగింది అన్నవి ప్రపంచంలో ఇంకే భాషా రాయలేని భాగాలు. ఆ భాగాలే ఖాళీగా ఉన్నాయి. ఆధారాలు దొరక్కపోవడమే కారణం. డబ్బింగ్ రచయితను కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడిన ఇంటర్వ్యూ మన పత్రికల్లో ఎంత అరుదో వెతికినవాళ్లకు తెలుసు.

హైదరాబాదు ఈ దేశంలో యానిమేషన్ పనికి పెద్ద కేంద్రాల్లో ఒకటి. 'ఛోటా భీమ్' పుట్టింది ఇక్కడి గ్రీన్ గోల్డ్ స్టూడియోలోనే. రాజీవ్ చిలక 2001లో స్థాపించిన ఆ సంస్థ 2012లో భీమ్‌ను థియేటర్ సినిమాగానూ తెచ్చింది. సింగీతం శ్రీనివాసరావు 2008లో 'ఘటోత్కచ' తీశారు. వీటి గురించి ఇంగ్లీషు వ్యాపార పత్రికల్లో పెట్టుబడుల వార్తలు దొరుకుతాయి. బొమ్మ ఎవరు గీశారన్నది దొరకదు. వికీ రచయిత ఎంత తపించినా, అచ్చులో లేనిది అతడు రాయకూడదు. మన పేజీలు బక్కగా ఉన్నాయని వికీ సముదాయాన్ని నిందించేవాళ్లు ముందు ఆదివారం అనుబంధాలను, సినిమా పత్రికలను అడగాలి.

కొత్తగా రాయడానికి వచ్చేవాళ్ల విషయం కూడా చెప్పాలి. ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ఇంగ్లీషు వికీపీడియా రచయితల సంఖ్య 2007 నుంచి ఎందుకు తగ్గుతోందో పరిశీలించింది. దుశ్చర్యలను ఆపడానికి పెట్టిన యంత్రాలు, గట్టిపడిన నియమాలు మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్లను కూడా తోసేస్తున్నాయని తేల్చింది. బొమ్మల సినిమా పేజీ చాలామందికి మొదటి మెట్టు. తనకిష్టమైన సినిమా పేజీలో ఒక వాక్యం చేర్చిన పద్నాలుగేళ్ల పిల్లకు, రెండు నిమిషాల్లో కారణం చెప్పని తిరుగుసేత ఎదురైతే ఆమె మళ్లీ రాదు. దిద్దుబాటు సారాంశంలో 'ఆధారం చూపండి, చర్చ పేజీలో మాట్లాడదాం' అని ఒక్క ముక్క రాస్తే వచ్చే అవకాశం ఉంది. తెలుగు వికీలో చురుగ్గా రాసేవాళ్లు తక్కువ. మనం ఒక్కరిని పోగొట్టుకున్నా కనిపిస్తుంది. తెలుగు వికీ చర్చావేదిక అయిన రచ్చబండలో పెద్దలు కొత్తవాళ్లను పలకరించే అలవాటు మన దగ్గర మొదటి నుంచీ ఉంది. దాన్ని పోనివ్వకూడదు.

అందుబాటులో ఉన్న ఆధారాలను కూడా మనం పూర్తిగా వాడుకోలేదు. 'కిట్టు' అనే తెలుగు యానిమేషన్ సినిమాకు 54వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డు వచ్చింది. దర్శకుడు బి. సత్య, నిర్మాత భార్గవ కొడవంటి. జాతీయ పురస్కారాల కోసం కేంద్ర ప్రభుత్వం ఏటా సంచిక అచ్చువేస్తుంది. అవార్డు పొందిన సినిమా కథ, తీసినవారి పరిచయం, పురస్కార సంఘం మెచ్చుకోలు అందులో ఉంటాయి. పాత దినపత్రికల సినిమా పేజీలు గ్రంథాలయాల్లో కట్టలుగా ఉన్నాయి. సెన్సారు ధ్రువపత్రాల్లో నిడివి, తేదీ ఉంటాయి. 'కిట్టు' బృందంలో బొమ్మలు గీసినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలను ఒక పత్రిక ఈ ఏడాది అచ్చువేస్తే, వచ్చే ఏడాది ఆ పేజీలో 'నిర్మాణం' అన్న విభాగం మొదలుపెట్టవచ్చు.